బీఆర్క్ చదవాలా, సివిల్ సరిపోతుందా, శిల్పం నేర్చుకోవాలా: తిరుపతి, చిత్తూరు ఇంటర్ పిల్లల కోసం ఒక పోలిక

తిరుపతిలో ఎంపీసీ చదివే పిల్లలున్న ఇంట్లో ఈఏపీసెట్ మాట వినపడని రోజుండదు. ర్యాంకు ఎంత వస్తుంది, సీఎస్‌ఈ దొరుకుతుందా, దొరక్కపోతే ఈసీఈతో సర్దుకోవాలా, చర్చంతా అక్కడే తిరుగుతుంది. మధ్యలో బొమ్మలు బాగా గీసే అమ్మాయో, పక్కింటి వాళ్లు ఇల్లు కడుతుంటే మేస్త్రి వెనకాలే తిరిగే అబ్బాయో ‘నేను ఆర్కిటెక్చర్ చదువుతా’ అంటే, నాన్న నోటి నుంచి వచ్చే మొదటి మాట ‘అదీ సివిలూ ఒకటే కదా?’ రెండోది ‘ఈఏపీసెట్‌లో దాని బ్రాంచి కోడ్ ఏంటి?’

జవాబులు ముందే చెప్పేస్తాను. రెండూ ఒకటి కాదు. ఈఏపీసెట్ ర్యాంకుతో బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) సీటు రాదు, దానికి వేరే పరీక్షలున్నాయి. ఈ సంగతి ఇంటర్ ఫలితాలు వచ్చాక తెలిసి, అప్పటికప్పుడు పెన్సిళ్లు కొనుక్కొని పరిగెత్తే ఇళ్లు తక్కువేం కాదు.

పిల్లలు ‘ఆర్కిటెక్చర్’ అన్నప్పుడు వాళ్ల మనసులో ఉండేది మూడు పనుల్లో ఏదో ఒకటి. కొందరికి భవనం లేపడం ఇష్టం: పునాది, కాలమ్స్, స్లాబు, పనివాళ్ల మధ్య నిలబడటం. కొందరికి ఆ భవనంలో మనుషులు ఎలా తిరగాలో ఊహించడం ఇష్టం. ఇంకొందరికి చేత్తో గీయడం, చెక్కడం ఇష్టం. మొదటిదానికి సివిల్, రెండోదానికి బీఆర్క్, మూడోదానికి మన తిరుపతిలోనే వేరే బడి ఉంది. మూడింటినీ కలిపేసి ‘క్రియేటివ్ ఫీల్డ్’ అనేసుకుని చేరితే రెండో ఏడాదికల్లా తల పట్టుకోవాల్సి వస్తుంది.

ఆర్కిటెక్ట్ అని ఎవరు బోర్డు పెట్టుకోవచ్చు

ఆర్కిటెక్ట్‌ల చట్టం 1972లో వచ్చింది. దాని కింద ఏర్పడిందే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్. కౌన్సిల్ గుర్తించిన డిగ్రీ పూర్తిచేసి, దాని రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకున్న వాళ్లే తమను ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవాలి. నమోదయ్యాక ‘సీఏ’ అనే అక్షరాలు, సంవత్సరం, ఒక సంఖ్య కలిపి రిజిస్ట్రేషన్ నంబరు ఇస్తారు. డిగ్రీ అయ్యాక మళ్లీ లైసెన్సు పరీక్షంటూ మన దేశంలో లేదు. వినడానికి హాయిగా ఉన్నా, దీని అర్థం ఇంకోలా చూడాలి. లైసెన్సు వస్తుందా రాదా అన్నది మీరు కాలేజీలో చేరిన రోజే సగం తేలిపోతుంది. కౌన్సిల్ ఆమోదం లేని చోట ఐదేళ్లు రాత్రింబవళ్లు కష్టపడినా ఆ నంబరు చేతికి రాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఈ చట్టంలోని 37వ సెక్షన్ మీద తీర్పు ఇచ్చింది. ఆ సెక్షన్ కాపాడేది ‘ఆర్కిటెక్ట్’ అనే పేరునే. భవనాలకు డిజైన్ చేసే పనిని రిజిస్టర్‌లో లేనివాళ్లు చేయకూడదని అది చెప్పడం లేదు అని ఆ తీర్పు సారం. అంటే సివిల్ ఇంజినీరు ఇంటి ప్లాన్ గీయవచ్చు, ఆర్కిటెక్ట్ అని మాత్రం రాసుకోకూడదు. అలా రాసుకుంటే మొదటిసారికి చట్టం పెట్టిన జరిమానా 500 రూపాయల వరకు. 1972లో అది పెద్ద మొత్తమే అయి ఉంటుంది, ఇప్పుడు షాపు ముందు మంచి ఫ్లెక్సీ కట్టడానికి కూడా చాలదు.

మన మున్సిపాలిటీల్లో ప్లాన్ అప్రూవల్ ఏపీడీపీఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా నడుస్తుంది. అక్కడ ఫైలు పెట్టేది ఎల్‌టీపీ, అంటే లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడు. ఆర్కిటెక్ట్‌లే కాదు, ఇంజినీర్లు కూడా ఎల్‌టీపీలుగా ఉంటారు. కాబట్టి మీ అబ్బాయి అనుకుంటున్నది ‘తిరుచానూరు రోడ్డులో చిన్న ఆఫీసు, ఇళ్ల ప్లాన్లు, అప్రూవల్స్, పక్కన కొంచెం కాంట్రాక్టు పని’ అయితే, దానికి సివిల్ సరిపోతుంది. ఐదేళ్ల బీఆర్క్ ఆ పనికి తప్పనిసరి కాదు. ఈ మాట మొదటే తేల్చుకుంటే చాలా ఇళ్లలో చర్చ ఇక్కడితో అయిపోతుంది.

సివిల్, బీఆర్క్: తేడా డ్రాయింగ్ బల్ల దగ్గర తెలుస్తుంది

సివిల్ బీటెక్ నాలుగేళ్లు. బీఆర్క్ ఐదేళ్లు, పది సెమిస్టర్లు. అందులో ఒక సెమిస్టర్ పాటు ఆర్కిటెక్ట్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్, చివర్లో థీసిస్. కానీ అసలు తేడా ఏళ్లలో లేదు, రోజూ చేసే పనిలో ఉంది.

సివిల్‌లో ప్రశ్నకు జవాబు ఉంటుంది. ఈ బీమ్ మీద ఇంత బరువు పడితే ఎంత స్టీల్ వేయాలి? లెక్క వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. బీఆర్క్‌లో డిజైన్ స్టూడియో అని ఒక సబ్జెక్ట్ ఉంటుంది. మిగతావన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. అక్కడ ఒక్కటే సరైన జవాబు అనేది ఉండదు. మీరు గీసినదాన్ని గోడకు అంటించి, మాస్టార్ల ముందు, బయటి నుంచి వచ్చిన ఆర్కిటెక్ట్‌ల ముందు నిలబడి వివరించాలి. దాన్ని జ్యూరీ అంటారు.

ఉదాహరణకు తిరుపతి బస్టాండు దగ్గర యాత్రికుల వసతి గృహం డిజైన్ చేయమన్నారనుకోండి. సివిల్ విద్యార్థి చూపు ముందు కాలమ్‌ల మధ్య దూరం మీదికి, నేల ఎంత బరువు మోస్తుందన్న దాని మీదికి పోతుంది. అది లేకపోతే భవనమే నిలబడదు. జ్యూరీలో మాత్రం ప్రశ్నలు ఇంకోలా ఉంటాయి. ఒకరు ఎర్ర పెన్ను తీసి మీ షీటు మీద కారిడార్‌ను చుట్టేస్తారు. ‘సుప్రభాత సేవకు వెళ్లేవాళ్లు అర్ధరాత్రి దాటగానే లేచి బకెట్లు చప్పుడు చేస్తుంటే, అప్పుడే దర్శనం ముగించుకొచ్చి పడుకున్నవాళ్లకు నిద్ర ఎలా పడుతుంది? స్నానాల గదులు ఈ పక్క ఎందుకు పెట్టావు?’ ఇంకొకరు: ‘కొండ మెట్లెక్కి దిగి మోకాళ్లు పట్టేసిన పెద్దావిడ రెండో అంతస్తుకు ఎలా వెళ్తుంది? మే నెల ఎండ పడమటి గోడ మీద నేరుగా కొడుతుంటే ఆ గదులు సాయంత్రం ఎవరికిస్తావు? తడి బట్టలు ఎక్కడ ఆరేస్తారు?’ మీరు వారం రోజులు నిద్ర మాని గీసిన ఎలివేషన్, అంటే భవనం బయటికి కనబడే తీరు బొమ్మ, గురించి ఎవరూ ఒక్క మాటా అనరు.

తర్వాత హాస్టల్‌కు వెళ్లి మళ్లీ మొదటి నుంచి గీయాలి. మౌంట్ బోర్డు కత్తిరించి మోడల్ మళ్లీ అంటించాలి. ఫెవికాల్ ఆరేలోపు తెల్లవారుతుంది. ఇది ఒకసారితో పోయేది కాదు, ఐదేళ్లూ ఇంతే. నా దృష్టిలో బీఆర్క్‌కు సరిపోతారా లేదా అన్నది బొమ్మలు బాగా గీయడంతో తేలదు. గీసిన బొమ్మను నలుగురూ తప్పుపట్టినా కోపం తెచ్చుకోకుండా, అది పక్కన పడేసి ఇంకోటి మొదలుపెట్టే ఓపిక ఉందా అన్నదే చూడాలి. మంచి చిత్రకారులైన పిల్లలు ఇక్కడ నొచ్చుకుని వెనక్కి తగ్గుతారు. బొమ్మ మామూలుగా ఉన్నా మొండిగా మళ్లీ గీసేవాళ్లు నెగ్గుకొస్తారు.

లెక్కలంటే ఇష్టం, జవాబు ఖచ్చితంగా తేలాలి, ప్రభుత్వ ఉద్యోగం మీద కూడా ఒక కన్ను ఉంది అంటే సివిలే మేలు. పంచాయతీరాజ్, ఆర్ అండ్ బీ, నీటిపారుదల వంటి శాఖల్లో ఇంజినీరు పోస్టుల దారి సివిల్ వాళ్లకు విశాలం. ఆర్కిటెక్ట్‌ల కోసమే పెట్టిన ప్రభుత్వ పోస్టులు వాటితో పోలిస్తే బాగా తక్కువ. వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ సెక్రటరీ పోస్టులకు సివిల్ డిప్లొమా వాళ్లతో పాటు ఆర్కిటెక్చర్, ప్లానింగ్ చదివినవాళ్లనూ తీసుకున్నారు. కానీ ఆ పోస్టు కోసమే ఐదేళ్ల డిగ్రీ చదవడం దండగ.

పరీక్షలు: మూడు తలుపులు

మొదటిది నాటా, బీఆర్క్‌కు జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష. కౌన్సిలే 2006 నుంచి నడుపుతోంది. ఇటీవలి పద్ధతిలో మొత్తం 200 మార్కులు. డ్రాయింగ్ భాగం కాగితం మీద 80 మార్కులకు, కంప్యూటర్ మీద రాసేది 120కి. డ్రాయింగ్‌లో ఒక ప్రశ్న ఇచ్చిన సామానుతో చేత్తో చిన్న నిర్మాణం చేసి చూపించేది. బొమ్మ గీయడం మాత్రమే నేర్చుకున్న పిల్లలు అక్కడ తడబడతారు. అట్టముక్కలు, స్ట్రాలు పెట్టుకుని ఇంట్లో ముందునుంచే సాధన చేయాలి. మన రాష్ట్ర కౌన్సెలింగ్‌లో ఇంటర్ మార్కులకు సగం, ప్రవేశ పరీక్ష స్కోరుకు సగం వెయిటేజీ ఉంటుంది కాబట్టి, నాటా ఉంది కదా అని ఇంటర్‌ను గాలికి వదిలేయకండి.

రెండోది జేఈఈ మెయిన్ పేపర్ 2ఏ. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్‌పీఏ), ఎన్‌ఐటీల సీట్లు దీని ర్యాంకుతోనే. 400 మార్కుల్లో ఆప్టిట్యూడ్‌కే 200, గణితానికి 100, డ్రాయింగ్‌కు 100. మామూలు జేఈఈకి దరఖాస్తు చేసేటప్పుడు పేపర్ 2ఏ కూడా ఎంచుకుంటేనే రాయనిస్తారు. కార్పొరేట్ కాలేజీల్లో ఈ పేపర్‌ను పట్టించుకునేవాళ్లు అరుదు. మీరే అడిగి పెట్టించుకోవాలి.

మూడోది ఐఐటీల దారి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత సాధించాక ఏఏటీ (ఆర్కిటెక్చర్ ఆప్టిట్యూడ్ టెస్ట్) అనే పరీక్ష పాసవ్వాలి. అందులో ర్యాంకులుండవు, పాస్ లేదా ఫెయిల్. బీఆర్క్ ఉన్నది ఖరగ్‌పూర్, రూర్కీ, వారణాసి ఐఐటీల్లో. ఏర్పేడు దగ్గరున్న మన ఐఐటీలో సివిల్ ఉంది గానీ బీఆర్క్ లేదు. ఇది చాలామంది అడిగే ప్రశ్న.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం ఉండాల్సిందే. బైపీసీ చదివి బొమ్మలు బాగా వేస్తాను అంటే కుదరదు. పదో తరగతి తర్వాత గ్రూపు ఎంచుకునే రోజునే ఇది గుర్తుండాలి. పదో తరగతి తర్వాత మూడేళ్ల డిప్లొమా చేసినవాళ్లకూ గణితం ఉంటే అర్హత ఉంది. అయితే ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి దూకినట్టు ఇక్కడ దూకలేరు, మొదటి ఏడాది నుంచే చదవాలి.

ఏ ఊరు, ఏ కాలేజీ

విజయవాడ ఎస్‌పీఏలో సీటొస్తే రెండో ఆలోచన వద్దు. 2008లో మొదలైన కేంద్ర సంస్థ అది. తిరుపతిలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అక్కడుంటారు. ఊళ్ల ప్రణాళిక నేర్పే బీప్లాన్ డిగ్రీ కూడా అక్కడే ఉంది. ఎన్‌ఐటీల్లో తిరుచిరాపల్లి మనకు దగ్గర. కానీ ఎన్‌ఐటీల్లో సగం సీట్లు ఆ రాష్ట్రం వాళ్లకే పోతాయి. తాడేపల్లిగూడెంలోని మన రాష్ట్ర ఎన్‌ఐటీలో బీఆర్క్ లేదు కాబట్టి, మన పిల్లలు ఎక్కడికెళ్లినా బయటి రాష్ట్రం కోటాలోనే పోటీ పడాలి. పేపర్ 2ఏ ర్యాంకు చూసి ‘ఫర్వాలేదు’ అనుకునే ముందు ఈ లెక్క వేసుకోండి. ఆంధ్రా యూనివర్సిటీ వాళ్ల కోర్సు విశాఖలో ఉంది, మంచి పేరుంది, దూరమే ఎక్కువ.

చిత్తూరు వాళ్లకు వేలూరు వీఐటీ దగ్గర, అక్కడ బీఆర్క్ ఉంది. పొద్దున బయల్దేరితే క్లాసుకు అందుకోవచ్చు. అయినా ఇంటి నుంచి రోజూ తిరుగుతూ బీఆర్క్ చదవమని నేను ఎవరికీ చెప్పను. సగం చదువు రాత్రిపూట స్టూడియోలో, పక్కవాడి షీటు చూస్తూ, సీనియర్‌ను అడుగుతూ జరుగుతుంది. బస్సులో మోడల్ పట్టుకుని వెళ్తే అది చేరేసరికి సగం ఊడిపోతుంది. చెన్నైలో అన్నా యూనివర్సిటీ ఆర్కిటెక్చర్ స్కూలు పాతది, గొప్పది. అయితే తమిళనాడు కౌన్సెలింగ్‌లో స్థానికత నిబంధనలుంటాయి, ముందు అవి చూడాలి.

ప్రైవేటు కాలేజీ అయితే ఫీజు కన్నా ముందు చూడాల్సింది కౌన్సిల్ వెబ్‌సైటులో ఆ కాలేజీ పేరు, మీరు చేరే విద్యాసంవత్సరానికి ఆమోదం, ఎన్ని సీట్లకు ఇచ్చారన్నది. ‘అప్లై చేశాం, వచ్చేస్తుంది’ అని అడ్మిషన్ ఆఫీసులో చెప్తే, వచ్చాక కలుద్దాం అని లేచి రండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏ కోటాకు వర్తిస్తుందో కూడా కాగితం మీద అడగండి. ఫీజుకు తోడు షీట్లు, ప్రింట్లు, మోడల్ సామాను, గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్ ఖర్చు ఐదేళ్లూ నడుస్తుంది. ఇది బ్రోచర్‌లో రాయరు.

శిల్ప కళాశాల సంగతి వేరు

తిరుపతిలో టీటీడీ నడిపే శ్రీ వేంకటేశ్వర సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థ ఉంది. ఆలయ నిర్మాణం, శిలాశిల్పం, సుధాశిల్పం (సున్నపు గారతో చేసేది), లోహశిల్పం, కొయ్యశిల్పం, సంప్రదాయ చిత్రలేఖనం ఒక్కోటి నాలుగేళ్ల డిప్లొమా. కలంకారి రెండేళ్ల కోర్సు. పదో తరగతి అయ్యాక చేరవచ్చు. తాళమానం (విగ్రహాల కొలతలు), ఆగమం (ఆలయ నియమాలు), ఉలి పట్టే తీరు గురువు దగ్గర కూర్చుని నేర్చుకుంటారు.

ఈ డిప్లొమాతో కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రాదు, ఆర్కిటెక్ట్ అనే పేరూ రాదు. దాంతో దీన్ని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. నాకది నచ్చదు. 2010 మే 26న శ్రీకాళహస్తి రాజగోపురం కూలిపోయింది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గోపురం అది. దాని స్థానంలో మళ్లీ గోపురం లేపాలంటే ఇంజినీర్ల లెక్క ఎంత కావాలో, ఏ అంతస్తు ఏ కొలతలో తగ్గుతూ పోవాలో, ఏ మూల ఏ విగ్రహం నిలబడాలో తెలిసిన స్థపతులూ, అంటే ఆలయ శిల్పాచార్యులూ, అంతే కావాలి. ఆ విద్య బీఆర్క్ సిలబస్‌లో ఒకటి రెండు పాఠాలకు మించి ఉండదు. గుళ్లు కట్టేవాళ్లు, జీర్ణోద్ధరణ చేయించేవాళ్లు మన తెలుగు ఊళ్లలోనే కాదు, అమెరికాలోనూ ఉన్నారు. చేతి పని మీద మనసున్న పిల్లవాణ్ణి ఇంటర్ ఎంపీసీలోకి తోసి, నాటా కోచింగ్‌కు పంపి, ఐదేళ్లు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టడం కన్నా ఈ దారి చాలా నయం.

బీప్లాన్ గురించి రెండు మాటలు. నాలుగేళ్లు, ప్రవేశం జేఈఈ మెయిన్ పేపర్ 2బీతో. భవనం కాదు, ఊరంతా ఎలా పెరగాలన్నది దాని పని: రోడ్లు, లేఅవుట్లు, మాస్టర్ ప్లాన్. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) వంటి సంస్థల పని అర్థమై, అందులో ఆసక్తి ఉంటే బాగుంటుంది. ఇంటీరియర్ డిజైన్ కోర్సు చేస్తే లోపలి పని దొరుకుతుంది, మంచి సంపాదనా ఉంటుంది. అక్కణ్ణుంచి ఆర్కిటెక్ట్ అయ్యే దొడ్డిదారి మాత్రం లేదు.

చేరేముందు ఇంట్లోనే చేసుకునే పరీక్ష

కోచింగ్‌కు డబ్బు కట్టేముందు ఒక పని చేయండి. టేపు తీసుకుని మీ ఇల్లంతా కొలవండి. 1:50 స్కేలులో, అంటే నిజమైన ఒక మీటరు కాగితం మీద రెండు సెంటీమీటర్లుగా, ప్లాన్ గీయండి. పది అడుగుల గది ఆరు సెంటీమీటర్ల చిల్లర వస్తుంది. తొమ్మిదంగుళాల గోడ అర సెంటీమీటరు కన్నా కాస్త తక్కువ. తలుపు ఎటు తెరుచుకుంటుందో, మెట్టు ఎత్తెంతో, వంటగది కిటికీ నేల నుంచి ఎంత పైన ఉందో రాయండి. మొదటిసారి గీస్తే గదులన్నీ కలిపిన పొడవు బయటి గోడ పొడవుకు సరిపోదు. సాధారణంగా గోడల మందం మర్చిపోయి ఉంటారు. మళ్లీ కొలిచి, మళ్లీ గీయాలనిపించిందా, లేక విసుగొచ్చి కాగితం నలిపేశారా?

తర్వాత ఒక ఆదివారం చంద్రగిరి రాజమహల్‌కు వెళ్లండి. రాయి, ఇటుక, సున్నంతో, కర్ర వాడకుండా కట్టిన మూడంతస్తుల భవనం. ఫొటోలు తీయడం మానేసి ఒక్క తోరణం ముందు కూర్చుని గీయండి. ఆ బరువు ఎక్కణ్ణుంచి ఎక్కడికి దిగుతోంది, కర్ర దూలం లేకుండా పైకప్పు ఎలా నిలిచింది అన్న ప్రశ్నలు బుర్రలో తిరిగితే సివిల్ కూడా మీకు సరిపోతుంది. వరండాలో నిలబడ్డప్పుడు వెలుతురు ఎలా పడుతోంది, మెట్లెక్కి పైకి రాగానే ఏం కనబడుతోంది అన్నవైపు మనసు పోతే బీఆర్క్ వైపు మొగ్గండి. రెండూ కాక తోరణం మీది గచ్చుపని పూలను చూస్తూ ఉండిపోతే, మీ దారి శిల్ప శిక్షణ సంస్థ వైపుందేమో ఆలోచించండి.

అమెరికా సంగతి అడిగేవాళ్లు మన దగ్గర ఎక్కువ. ఇక్కడి రిజిస్ట్రేషన్ అక్కడ పనికిరాదు. అక్కడ డిగ్రీ తర్వాత పని అనుభవం చూపించి, ఏఆర్‌ఈ అనే 6 భాగాల పరీక్ష పాసై, ఆ రాష్ట్రం లైసెన్సు తెచ్చుకోవాలి. ఎక్కువమంది అక్కడే మాస్టర్స్ చేసి ఆ దారిన పోతారు. వెంటనే డాలర్లు అనుకుంటే సాఫ్ట్‌వేర్‌తో పోటీ పడలేరు. ఇక్కడ కూడా అంతే. బెంగళూరు, చెన్నై ఆఫీసుల్లో మొదటి రెండు మూడేళ్ల జీతం, అదే వయసు సీఎస్‌ఈ స్నేహితుడి జీతం పక్కన పెడితే మనసు చివుక్కుమంటుంది. సొంతంగా పేరు తెచ్చుకున్నాక లెక్క మారుతుంది, దానికి పదేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. ఇల్లు గడవడానికి ఆ పిల్ల జీతం మీదే ఆధారపడాల్సిన పరిస్థితి ఉంటే ఈ సంగతి దాచకుండా మాట్లాడుకోండి.

కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు ఆడిటోరియం, క్యాంటీన్ చూపిస్తారు. మీరు స్టూడియో గది చూపించమనండి. బల్లల మీద సగం కోసిన అట్టలు, గోడకు ఎర్ర గీతలున్న షీట్లు ఉన్నాయా, లేక గది తుడిచిపెట్టినట్టు ఖాళీగా ఉందా చూడండి. నాలుగో ఏడాది పిల్లలిద్దరితో మాస్టార్లు లేకుండా పది నిమిషాలు మాట్లాడండి. పాసైపోయినవాళ్లలో కౌన్సిల్‌లో నమోదైన వాళ్లు ఎవరెవరు, ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశారు, వాళ్లతో ఒకసారి మాట్లాడించగలరా అని ఆఫీసులో అడగండి. దానికి నీళ్లు నమిలితే, కట్టబోయిన అడ్వాన్సు జేబులోనే పెట్టుకుని ఇంకో కాలేజీకి బస్సెక్కండి.